టేపులో దగ్గు

అరవైల్లో నరసరావుపేటలో టేపు మీదకు పద్యం ఎక్కించిన మొదటివాణ్ణి నేనే. విని ఊరంతా చప్పట్లు కొట్టింది. ఊరంతా కాదులెండి, ముగ్గురు.

ఆ టేపు రేడియోలు బాగుచేసే సాయిబుగారిది. సింగపూరులో ఆయన తమ్ముడు ఏదో గిటార్ల కచేరీకి వెళ్ళి, జనంలో కూర్చుని రికార్డు చేసి పంపాడు. తర్వాత అక్కడే పోయాడు. చెవులు పగిలే ఆ మోతలో ఒకచోట దగ్గు వినిపిస్తుంది. సాయిబుగారు వేలెత్తి, "అదిగో, మా తమ్ముడు" అనేవారు. తమ్ముడి గొంతు ఆయనకు అంతే మిగిలింది.

రోజూ అదే వేలు, అదే మాట. కొట్టు దగ్గర చేరే కుర్రాళ్ళం, మాకు నవ్వులాట. ఒకనాడు పొరపాటున రికార్డు మీట నొక్కాను. దగ్గు చెరిగిపోయి నా పద్యం పడింది.

మొన్న ఇది చెబుతుంటే, ఆనాడు పక్కనే ఉన్న మా బావ అడ్డుపడ్డాడు.

"పొరపాటేంది బావా? ఆయన 'వద్దు నాయనా' అని చెయ్యి పట్టుకుంటే, విదిలించుకుని మరీ నొక్కావు."