అరవయ్యోది

మొన్న ఆదివారం అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు దగ్గరి ఫుట్‌పాత్ మీద, పాత పుస్తకాల కుప్పలు దాటుకుంటూ, ఏ కుప్ప దగ్గరా రెండు నిమిషాలు నిలవకుండా, ఒకటి తీసి మూడు పేజీలు తిప్పి మళ్ళీ అక్కడే పడేసి ముందుకు పోతున్న నన్ను, ఎండకి కాగిన ప్లాస్టిక్ వాసన ఒకటి పట్టి ఆపింది. పుస్తకాల వరస అయిపోయినచోట ఒక ముసలాయన పాత చార్జర్లు, రిమోట్లు, తెగిన ఇయర్‌ఫోన్లు గోనెపట్టా మీద పోసుకుని కూర్చున్నాడు. వాటి అడుగున అరచేతిలో పట్టేంత వీడియో గేమ్, బూడిదరంగుది, ఒక బొత్తాం ఊడిపోయి ఉంది. నలుగురూ చూస్తారన్న సిగ్గు కూడా లేకుండా తీసి వాసన చూశాను. "నడవదక్కా అది. పోరగాళ్ళు ఊకె ఒత్తుకోనీకి మంచిగుంటది, తీస్కపో," అన్నాడాయన. తీసుకున్నాను. తీసుకున్న దగ్గర్నుంచి మనసు మనసులో లేదు.

మాది కృష్ణా జిల్లా వైపు కుటుంబం. యాభై ఆరులో రాష్ట్రం ఏర్పడ్డప్పుడు తాతగారు గుమాస్తా ఉద్యోగం మీద హైదరాబాదు వచ్చి, నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో కిరాయికి దిగి, ఆ ఇల్లు మళ్ళీ కదల్లేదు. ఆ కదలని గుణం మాత్రం నా దాకా రాలేదు. అన్నానికి కూర్చుంటే నా మోకాలు ఊగుతుండేది, ఎక్కాలు అప్పజెప్పమంటే గది చుట్టూ తిరుగుతూ అప్పజెప్పేదాన్ని, స్టేషన్లో రైలు కూత పెడితే చాలు, నోట్లో ముద్ద నోట్లోనే ఉండగా మేడ మెట్లెక్కి చూసొచ్చేదాన్ని, చూడ్డానికి అక్కడ ఏమీ ఉండదని తెలిసి కూడా. "కుదురన్నది బజార్లో దొరికేదైతే మణుగు తెచ్చి నీ నెత్తిన పోసేదాన్నే లల్లీ!" అని నాయనమ్మ రోజుకి నాలుగుసార్లు నెత్తి కొట్టుకునేది.

మేము కింది వాటాలో ఉంటే ఇంటివాళ్ళు పైన ఉండేవారు. వాళ్ళు తాతముత్తాతల నాటినుంచీ హైదరాబాదువాళ్ళు, అబిడ్స్‌లో గడియారాల దుకాణం ఉండేది. వాళ్ళమ్మాయి స్రవంతి నా ఈడుదే, నా క్లాసే. మేము ఆరో తరగతిలోకి వచ్చిన కొత్తల్లో తనకి కీళ్ళజ్వరం వచ్చింది. జ్వరం తగ్గినా గుండెకి దెబ్బ తగలకూడదని, నెలల తరబడి మంచం దిగొద్దన్నాడు డాక్టరు. ఇరవై ఒక్క రోజులకోసారి సూది. మొదటివారం గల్లీ పిల్లలంతా బత్తాయిలు పట్టుకుని వెళ్ళి మంచం చుట్టూ మూగారు, రెండో వారం సగంమంది వెళ్ళారు, వానలు ముదిరేసరికి మెట్లెక్కే పిల్ల ఒక్కతీ లేదు. ఒకరోజు వాళ్ళమ్మ నన్ను మెట్ల దగ్గర పట్టుకుంది. "జర పైకి రా బిడ్డా, ఒక్క గంట కూసో. పొద్దంతా మెట్లదిక్కే సూస్తది పిల్ల," అంది. వెళ్ళాను. ఐదు నిమిషాలు కూర్చున్నాను. మందుల వాసన, మూసిన కిటికీ, కదలకుండా పడుకున్న నా స్నేహితురాలు. ఉన్నమాట చెప్పాలంటే నా వల్ల కాలేదు, "మళ్ళీ వస్తానే" అని రెండేసి మెట్లు దూకుతూ కిందికి వచ్చేశాను, వారం దాకా మళ్ళీ ఆ వైపు పోలేదు.

నన్ను మళ్ళీ పైకి లాగింది సరిగ్గా అలాంటి వీడియో గేమే. బొంబాయిలో ఉండే వాళ్ళ మామయ్య తెచ్చిచ్చాడు. వీపున ఉన్న సందులో చిన్న క్యాసెట్ దూర్చి బొత్తాం నొక్కితే చేతిలో ఒక దీవి మొదలయ్యేది. మామూలు ఆటల్లాగా ఒకే దారిన ఉరికించి చంపేది కాదు. ఎటు కావాలంటే అటు పోవచ్చు, కొండెక్కచ్చు, ఏరు దాటచ్చు, ఊళ్ళో దుకాణంలో కత్తి కొనుక్కోవచ్చు, ఏమీ చెయ్యకుండా వానలో నిలబడచ్చు. అసలు కథ ఒక రాక్షసుణ్ణి చంపడం. ఆ రాక్షసుడి మొహం మేమెప్పుడూ చూడలేదు, మాకు వాడితో పనేమిటి! ఆ దీవిలో అరవై చిన్న చిన్న ప్రాణులు దాక్కుని ఉండేవి, రాళ్ళ కింద, చెట్టు తొర్రల్లో, జలపాతం వెనకాల. ఒక్కోదాన్ని కనిపెడితే అది చెంగున గంతేసి మన సంచిలోకి దూకేది, ఆటలో ఉన్న పుస్తకంలో నల్లటి నీడ పోయి దాని బొమ్మ పడేది.

ఆ ప్రాణుల పేర్లు ఇంగ్లీషులో ఏవో ఉండేవి, అవి మా నోటికి తిరగలేదు, మేమే పేర్లు పెట్టుకున్నాం. బొజ్జ ఉన్న కప్ప కండక్టరు, రెక్కలు టపటపలాడించే ముసలి గుడ్లగూబ హెడ్‌మిస్ట్రెస్, ఎప్పుడు చూసినా మూతి ముడుచుకుని ఉండే తాబేలు మా నాయనమ్మ. ఆవిడకి ఈ సంగతి తెలిస్తే నా వీపు చిట్లిపోయేది. పనులు కూడా పంచుకున్నాం. రాళ్ళు పగలగొట్టడం, పొదలు కొట్టడం, దీవి ఈ కొస నుంచి ఆ కొసకి ఉరకడం నావి. కొన్ని ప్రాణులు మాత్రం మనం బొత్తాం ముట్టుకోకుండా ఒకేచోట నిలబడితేనే బయటికొచ్చేవి, వేలు కదిలిందా, మళ్ళీ లోపలికి. అవి స్రవంతివి. గేమ్ మడిచిన మోకాలి మీద పెట్టుకుని, ఊపిరి కూడా మెల్లిగా తీస్తూ, పావుగంట అలాగే చూసేది. నేను మంచం చుట్టూ ప్రదక్షిణాలు చేస్తూ "వచ్చిందా? ఇంకా రాలేదా? చచ్చిందేమోనే!" అని ప్రాణం తీసేదాన్ని. "నోర్మూస్కో లల్లీ, గిట్ల ఒర్రితే అదెట్లొస్తది?" అని కళ్ళు తిప్పకుండానే కసిరేది.

అలా ఆ వానాకాలమంతా బడి వదలగానే సంచీ కింద పడేసి పైకి పరిగెత్తాను. వాళ్ళమ్మ ఉప్పు, కారం జల్లి కాల్చిన మక్కబుట్టలు, అదే మా ఇంట్లో మొక్కజొన్న పొత్తులు, తెచ్చిపెట్టేది, ఒకరోజు సర్వపిండి, ఒకరోజు దుకాణం నుంచి వస్తూ వాళ్ళ నాన్న పట్టుకొచ్చిన వేడి సమోసాలు, గేమ్‌కి జిడ్డు అంటకూడదని స్రవంతి నా వేళ్ళు తన దుప్పటికి తుడిచేది. గల్లీలో పిల్లలు నల్లా దగ్గర నాలుగు స్తంభాలాట ఆడుతూ నన్ను కేకలేసి పిలిచేవారు, ఒళ్ళు జిలజిలలాడేది, అయినా వెళ్ళేదాన్ని కాదు. వినాయకుడు వచ్చాడు, వెళ్ళాడు. ఖైరతాబాద్ పెద్ద గణపతిని చూసొచ్చి ఆయన చెవులు ఎంతెంత ఉన్నాయో చేతులు చాపి చూపించాను. పెత్రమాసకి, అంటే దసరా ముందటి అమావాస్యకి, పుస్తకంలో యాభై తొమ్మిది బొమ్మలు పడ్డాయి. ఒక్కటే నల్ల నీడ మిగిలింది, రెండు కొమ్ముల్లాంటివేవో ఉన్న నీడ.

అది దొరకలేదు. పది రోజులు దీవి అంతా జల్లెడ పట్టాను. తొక్కని గడ్డి లేదు, తన్నని రాయి లేదు. నాకు నిద్రలో కూడా కొమ్ములే. స్రవంతి మాత్రం ఏ తొందరా లేకుండా, "దొర్కుతదిలే, రేపు ఉత్తరం దిక్కు సూద్దాం," అనేది. ఆ నిదానం చూస్తే నాకు ఒళ్ళు మండేది. అది దొరికితే తనకి జబ్బు తగ్గుతుందని కూడా ఎందుకో నా బుర్రలో పడింది. నాకు నేనే మొక్కేసుకున్నాను.

దసరా వచ్చింది. సద్దుల బతుకమ్మ నాడు గల్లీ ఆడవాళ్ళంతా తంగేడు, గునుగు పేర్చి చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే స్రవంతి కిటికీ ఊచలు పట్టుకుని చూసింది. నేను కిందినుంచి చెయ్యి ఊపాను, మళ్ళీ తిరగడంలో పడిపోయాను. మర్నాడు మహర్నవమి. మా ఇంట్లో ఆయుధపూజ అంటే నాయనమ్మ ఇనపముక్క కనిపిస్తే వదిలేది కాదు. కత్తిపీట, కత్తెర, నాన్న స్కూటరు, అమ్మ కుట్టుమిషను, ఆఖరికి నీళ్ళ మోటారు స్విచ్చికి కూడా బొట్టు. దేవుడి ముందు పెట్టినవి మళ్ళీ దశమినాడు పూజయ్యేదాకా ఎవరూ ముట్టకూడదు. పిల్లలు పుస్తకాలు పెడతారు, చదువు తప్పించుకోవచ్చని. నేను పైకి పరిగెత్తి స్రవంతిని గేమ్ అడిగాను, అమ్మవారి ముందు పెడితే అరవయ్యోది దొరికి తీరుతుందని ఒట్టేసి చెప్పాను. తను చాలాసేపు ఇవ్వలేదు. చివరికి, "రేపు నువ్వే తేవాలె, ఎవర్తోటి పంపియ్యద్దు," అని ఇచ్చింది.

నాయనమ్మ గేమ్ నుదుటికి, అంటే తెర పైన, బొట్టు పెట్టింది. నాకు చాల్లేదు. క్యాసెట్ పీకి, దాని అంచున మెరుస్తున్న ఇత్తడి పళ్ళు చూపించి, "నాయనమ్మా, దీని ప్రాణమంతా ఇక్కడుంటుంది, ఇక్కడ పెట్టు," అన్నాను. "ప్రాణమున్నచోటే పెట్టాలి మరి," అని ఆవిడ తడి గంధం దిట్టంగా పూసి, దానిమీద కుంకం అద్ది, పసుపునీళ్ళు చల్లి, మంత్రమేదో చదివింది. ఆ రోజంతా దేవుడి గది గుమ్మం ముందు పచార్లు చేశాను. దశమి పొద్దున పూజయ్యీ కాకముందే లాక్కుని, పావడా చెంగుతో తుడిచి, దూర్చి, బొత్తాం నొక్కాను. తెర తెల్లబడింది. మళ్ళీ నొక్కాను. ఆట మొదటి పాట వచ్చింది, మేము మూడు నెలలుగా వినని పాట. పుస్తకం తెరిస్తే అరవై నల్ల నీడలున్నాయి.

సాయంత్రందాకా పైకి వెళ్ళలేదు. జమ్మి ఆకు బంగారం పెట్టి రమ్మని అమ్మ తోసింది. మంచం దగ్గర నిలబడి స్రవంతి చేతిలో ఆకులు పెట్టాను, గేమ్ పెట్టాను, "మా నాయనమ్మ తడిగంధం పెట్టిందే, అంతా పోయింది," అన్నాను. తప్పు ఆవిడ మీదికి తోసి ఊరుకోలేకపోయాను. వెంటనే "పెట్టమన్నది నేనే" అని బావురుమన్నాను. తను గేమ్ వెలిగించి, ఒక్కొక్క నీడా చూసుకుంటూ పోయింది.

"అన్నీ పోయినయా?"

"అన్నీ."

"అయితే మల్ల మొదట్నుంచి ఎతకాలె గదా," అంది. కళ్ళలో కోపం లేదు సరికదా, ఒక వెలుగు ఉంది. "రేపు ఎన్నింటికొస్తవ్?"

ఎంత మంచి పిల్ల అనుకున్నాను. ఏడుపు ఆపి, వాళ్ళమ్మ పెట్టిన సత్తుపిండి రెండు పిడికిళ్ళు తిన్నాను.

మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి దారులు తెలుసు కాబట్టి త్వరగానే ముప్పై దాటాయి. అయితే చూసిన రాయే మళ్ళీ తన్నడంలో నాకు మజా పోయింది. చలికాలంలో నాన్న సైకిలు కొనిపెట్టారు. ఇంకేం కావాలి! నాంపల్లి నుంచి గన్‌ఫౌండ్రీ దాకా, మళ్ళీ వెనక్కి, పొద్దుగూకేదాకా చక్రాలే నా కాళ్ళయ్యాయి. రేపొస్తాను, ఎల్లుండి వస్తాను అన్నాను. తర్వాత అనడం కూడా మానేశాను. స్రవంతి ఆ వేసవికి లేచి తిరిగింది, మరుసటేడు బడికొచ్చింది, వేరే సెక్షన్. మేము ఇల్లు మారిపోయాం.

ఇప్పుడా ఇల్లు లేదు, దాని చోట నాలుగంతస్తుల లాడ్జీ ఉంది. నల్లా లేదు, గడియారాల దుకాణంలో సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. నాయనమ్మ పోయింది, మక్కబుట్టలు కాల్చిపెట్టిన ఆ తల్లీ పోయింది. మొన్న ఇంటికి రాగానే ఫోన్లో ఆ ఆట పేరు కొట్టాను. ఒక్క నిమిషంలో అరవై ప్రాణుల ఆచూకీ వరసగా వచ్చేసింది. ఎవరో పుణ్యాత్ములు పటాలు గీసి మరీ పెట్టారు, మాకు ఒక వానాకాలం పట్టింది. కిందికి జరిపి అరవయ్యోది చదివాను. రెండు గేములు తీగతో కలిపితేనే అది పుడుతుందట. ఒక్క గేమ్‌తో ఎన్నేళ్ళు వెతికినా దీవిలో ఉండదు.

నాకు ముందు కోపమొచ్చింది, తర్వాత నవ్వొచ్చింది, ఆగలేక స్రవంతికి ఫోన్ చేశాను. ఖైరతాబాదులో ఉంటుంది, బళ్ళో లెక్కలు చెబుతుంది, పండగలకి మెసేజీలు పంపుకునే పాటి స్నేహం మాది ఇప్పుడు. గదిలో అటూ ఇటూ తిరుగుతూ, "విన్నావా, మనల్ని ఎంత వెర్రివాళ్ళని చేశారో!" అని చెప్పుకొచ్చాను.

"ఔ, నాకెర్కే," అంది నిదానంగా. "మామయ్య ఇచ్చిననాడే చెప్పిండు, ఇంకోటి ఉంటెనే అది దొర్కుతదని."

"మరి నాతో అనలేదేం? పది రోజులు నిద్ర లేకుండా చచ్చాను కదే!"

"చెప్తే నువ్వు పైకి వస్తుంటివా?"

తిరుగుతున్నదాన్ని ఆగిపోయాను. తన గొంతులో నిష్ఠూరం లేదు, పిల్లలకి లెక్క విడమరిచి చెబుతున్నట్టే ఉంది. "రెండోసారి నలభై మూడు దాక వచ్చినవ్ లల్లీ. నలభై నాలుగోది నేనొక్కదాన్నే పట్టిన. నీకు చూపెడ్దామని, డాక్టర్ వద్దన్నా మంచం దిగి, గోడ పట్టుకొని మెట్లకాడికొచ్చిన. నువ్వు కింద సైకిల్ తీస్తున్నవ్. పిలిచిన గానీ, నీకినపడలే."

వినపడింది. ఆ రోజు నాకు వినపడింది. పిలిచింది తనేనని తెలిసే తలెత్తకుండా పెడలు తొక్కాను. ఆ మాట ఫోన్లో చెప్పకుండా, "నలభై నాలుగోది ఏదే?" అని అడిగాను.