ఇనప బాణలిలో తంగేడు టీ

మా నాన్న చక్కెర జబ్బు కోసం కాఫీ మానేసి తంగేడు పూల టీ తాగేవారు. ఆయన జబ్బు సంగతేమో గానీ, నాకు మాత్రం ఎం.ఫిల్. అంశం దొరికింది. ఆ టీలో ఉన్న ఫినాలిక్ పదార్థాలు ఏవి, నూనె కంపు కొట్టకుండా అవి ఆపగలవా అన్నది తేల్చాలి. ఎనభైల మొదట్లో మాట ఇది. నరసరావుపేటలో జూనియర్ కాలేజీ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పుకునేదాన్ని, ఏడాది సెలవు పెట్టి రాజుపాలెం రోడ్డు వెంట పూలు కోసుకుంటూ తిరిగాను.

పరీక్షలన్నీ గుంటూరులో, గైడు గారి ల్యాబులో. కాగితం కింది అంచు దగ్గర టీ చుక్క పెట్టి, ఆ అంచును ద్రావకంలో ముంచుతాం. ద్రావకం పైకి పాకుతూ ఒక్కో పదార్థాన్ని ఒక్కో ఎత్తులో వదిలేస్తుంది. ఆరాక అమోనియా ఆవిరి చూపిస్తే పసుపు మచ్చలు విడివిడిగా తేలాలి. నాకు తేలలేదు. కాటుక చెయ్యి తుడిచినట్టు కింది నుంచి పైదాకా ఒకటే నల్లచార. ఆరుసార్లు చేస్తే ఆరుసార్లూ అదే.

"ఈ పువ్వు నీ మాట వినేట్టు లేదమ్మా. సోమవారానికి ఒక్క శుభ్రమైన కాగితం చూపించు. లేదంటే అంశం మార్చేద్దాం" అన్నారు గైడు గారు.

అంశం మారితే మళ్లీ మొదటికొస్తాను. సెలవేమో మూడు నెలల్లో అయిపోతుంది. డిగ్రీ లేకుండా తిరిగి కాలేజీ గుమ్మం ఎక్కాలి. ఆయన మీద కోపం, పువ్వు మీద కోపం, అన్నిటికంటే నా మీద నాకే ఒళ్లు మండింది.

శనివారం పెరట్లో మళ్లీ పూలు కాచడం మొదలుపెట్టాను. అన్ని పూలు పట్టే గిన్నె ఇంట్లో లేదు, అందుకే ఎప్పట్లాగే అరిసెలు వండే ఇనప బాణలి పొయ్యెక్కించాను. పక్కింటి పిన్ని గోడ మీంచి తొంగిచూసింది. వాళ్లది పచ్చితోళ్లను పదును చేసే ముస్లిం కుటుంబం.

"ఏమే, తంగేడుని ఇనప దాంట్లో కాస్తన్నావా?"

"అయితే ఏంది పిన్నీ?"

"ఏందా! మా మామ తొట్టికాడికి ఇనప బకెట్టు కూడా రానిచ్చేవాడు కాదే. తంగేడు చెక్క నానేసిన నీళ్లల్లో ఓ మేకు పడిందంటే తోలు మీద సిరా ఒలికినట్టు మచ్చ. ఆ తోలు ఇంకెవరు కొంటారు? చానా సదూకున్నావుగా, ఇది తెలవదా?"

తెలియకపోవడమేమిటి! ఫెర్రిక్ క్లోరైడ్ అంటే ఇనప లవణమే, దాని చుక్క వేస్తే రంగు మారినది ఫినాల్ అని ఏళ్ల తరబడి పిల్లల చేత వల్లె వేయించినదాన్ని. పరీక్షనాళికలో చుక్కగా వేయాల్సిన ఇనుమును ముందే బాణలితో సహా వేసేసి, చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు గుంటూరు దాకా వెతుకుతున్నాను. సిగ్గూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

పిన్ని వాళ్లింట్లోంచి కొత్త పింగాణీ జాడీ తెచ్చిచ్చింది. "పూలేసి వేన్నీళ్లు పోసి మూత పెట్టు. గరిటె కూడా చెక్కదే" అని గోడ దగ్గరే కాపలా నిలబడింది. ఈసారి టీ తేనె రంగులో దిగింది. ఆ రంగు చూశాకే నాకు ప్రాణం లేచొచ్చింది.

సోమవారం మొదటి బస్సుకే గుంటూరు వెళ్లి కాగితం వేలాడదీశాను. సాయంత్రం గైడు గారు పక్కన నిలబడి ఉండగా అమోనియా సీసా మూత తీశాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు పసుపు మచ్చలు, దేని చోట అది. ఆయన ముందే ఏడ్చేస్తూ, ఇనప బాణలి మానేసి పింగాణీ జాడీలో టీ దించిన సంగతి చెప్పాను.

"ఈ కిటుకు ఎక్కడ చదివావు?"

ఏదో పుస్తకం పేరు చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. "చదవలేదండి. తోళ్లు పదును చేసే మా పక్కింటి పిన్ని చెప్పింది" అన్నాను.

ఆయన నవ్వలేదు. నా అంశాన్ని ఖాయం చేసే కాగితం మీద సంతకం పెట్టారు.

"ఆవిడ ఎప్పుడు తీరిగ్గా ఉంటారో కనుక్కో. నేనూ వస్తాను, అడగాల్సినవి చాలా ఉన్నాయి."