మొన తెగిన త్రికోణం

మా మేనత్త ద్రుసిల్లా మంచి మనిషని నేనెప్పుడూ అనను. కార్లూ కరెంటూ ముట్టని ఒహాయోలోని మా ఆమిష్ పల్లెలో ఆ మాటంటే బండికి కట్టిన గుర్రం కూడా నమ్మదు. కానీ గుడ్డను త్రికోణాలుగా కోసి, జతచేసి బొంత కుట్టడంలో ఆవిడకు సాటి లేదు. అంచు నుంచి పావు అంగుళంలో కుట్టంటే పావు అంగుళమే. దారమంత లావెక్కినా త్రికోణం మొనను పక్క కుట్టు మింగేస్తుంది. ఏటవాలుగా కోసిన అంచు ఇట్టే సాగిపోతుంది గనక ఇస్త్రీపెట్టెను ఆనించి ఎత్తాలే తప్ప లాగకూడదు. ఇదంతా నాకు వేళ్ళ మీద కొట్టి నేర్పింది.

పెళ్ళి బొంత అంటే ఆడవాళ్ళందరం బొంతను బిగించిన చట్రం చుట్టూ చేరతాం. అక్కడ ఎవరు కూర్చోవాలో అత్తే తేల్చేది. మొనలు తెగ్గొట్టినవాళ్ళు వంటింట్లోకి పోయి మిగతావాళ్ళకు వండిపెట్టాలి. మా వదిన లొవీనా కాపురానికొచ్చిన వారానికే ఆమె కుట్టిన ముక్కను అత్త పదిమందిలో ఎత్తి చూపించి, ఈ చేతులకు గరిటె చాల్లే అంది. ఇరవై ఏళ్ళు లొవీనా గరిటే పట్టింది.

అత్తకు పెళ్ళి కాలేదు. మా నాన్న ఇంట్లో ఒక గదిలో ఉండేది. చట్రం దగ్గరి ఆ పెత్తనం ఒక్కటే ఆవిడ బతుకు. డెబ్భై దాటాక కళ్ళు మసకబారాయి. ఆవిడ ఒప్పుకోలేదు, మేమూ అనలేదు. ఆవిడ కుట్టిన ముక్కల్ని నేను మా ఇంటికి పట్టుకెళ్ళి, విప్పి మళ్ళీ కుట్టేదాన్ని. రెండేళ్ళు అలాగే నెట్టుకొచ్చాను. జాలి అనుకునేరు, భయం.

ఈ శరత్కాలంలో లొవీనా కూతురి పెళ్ళి కుదిరింది. అత్త ముక్కల్ని ఈసారి విప్పొద్దని, ఉన్నవున్నట్టు తనకే ఇవ్వమని లొవీనా అడిగింది. ఎందుకో నాకు తెలుసు. ఇచ్చాను.

జతచేసే ముందు ముక్కలన్నీ బల్ల మీద పరిచాం. అత్త ఎప్పటిలాగే ఒక్కొక్క దాని మీదా వేళ్ళు పోనిచ్చింది. ఒక మూల దగ్గర వేలు ఆగింది.

"ఇదెవరు కుట్టారు? మూడు మొనలు తెగిపోయాయి. ఈ మనిషికి సూదెవరిచ్చారసలు? వంటింట్లోకి పంపండి. మళ్ళీ చట్రం ముట్టుకోనివ్వద్దు."

పెళ్ళికూతురి తల్లి గనక ఈసారి బల్ల దగ్గరే కూర్చున్న లొవీనా సూదిలో దారం ఎక్కిస్తూ, తలెత్తకుండానే జవాబిచ్చింది.

"నీదే, అత్తా."

ఆవిడ ఆ మూలను బొటనవేలితో మళ్ళీ తడిమింది. తర్వాత నావైపు తిరిగి నిజమేనా అని అడిగింది. నేను కుట్టిందేనని ఒక్క అబద్ధమాడితే ఆవిడ చోటు ఆవిడకే ఉండేది. నిజమే అన్నాను. అప్పుడు నాకు కలిగింది సంతోషమే, దేవుడు నన్ను క్షమించాలి.

అత్త వేలి తొడుగు తీసి బల్ల మీద పెట్టింది. గోడ పట్టుకుని వంటింటివైపు నడిచింది. లొవీనా ఆ ముక్కను నా ఒళ్ళో పడేసింది.

"ఇప్పుడు విప్పి సరిగ్గా కుట్టు. నా కూతురి బొంత ఇది."

అత్త ఇంకా గడప దాటలేదు. నేను కత్తెర తీసుకుని విప్పడం మొదలుపెట్టాను.