ఏడో అధ్యాయం

ఆ ప్రణాళికా కార్యాలయంలో ఇప్పటికి నాలుగుసార్లు పేదరికాన్ని నిర్మూలించారు. నాలుగుసార్లూ దాన్ని బైండు చేసింది ఒక్కడే. అతన్ని అందరూ బైండింగు బాబాయ్ అంటారు. పంతొమ్మిదేళ్లుగా మెట్లకింద, కిటికీ లేని గదిలో, కాగితపు దుమ్ములో కూర్చుని పేదరికానికి చిల్లులు పొడిచి రింగు ఎక్కిస్తున్నాడు. అతని ఉద్యోగం ఇంకా తాత్కాలికమే. ఆ కార్యాలయంలో పేదరికం ఒక్కటే పర్మనెంటు.

ఐదో ప్రణాళికతోపాటు బాబాయ్‌కి దగ్గు వచ్చింది. నెలన్నరైనా వదల్లేదు. ఆరోగ్యకేంద్రంలో ఎక్స్‌రే మంగళవారం పన్నెండులోపే తీస్తారు. డైరెక్టరుగారి వారపు సమావేశమూ మంగళవారమే. ప్రతులు మోసుకెళ్లాల్సింది బాబాయే.

“ఏమయ్యా, నీ దగ్గు వింటుంటే నాకు ముద్ద దిగట్లేదు. ఎప్పుడు చూపించుకుంటావు?” అంది భార్య.

“ఈ వారం తప్పకుండా వెళ్తానే,” అన్నాడు, ఐదోవారం కూడా.

చిల్లులు పొడుస్తూ ప్రణాళికంతా చదివేది లోకంలో అతనొక్కడే. ఈసారి ఏడో అధ్యాయం ఆరోగ్యం గురించి. కూలివాడికి జబ్బు చేస్తే ఇల్లంతా పస్తులుంటుందనీ, అందుకే జబ్బు ముదరకముందే పరీక్షకు సెలవివ్వాలనీ రాసి, కింద డైరెక్టరుగారు సంతకం పెట్టారు. నా సంగతి ఈయనకెవరు చెప్పారబ్బా అని బాబాయ్ మురిసిపోయాడు.

తీరా చూస్తే రింగు మూసుకోలేదు. ముప్ఫై కాగితాలు ఎక్కువయ్యాయి. రెండు సంపుటాలు చేస్తే తీరిపోయేదే. కానీ అక్కడి ఆచారం వేరు. ఆవిష్కరణ ఫొటోలో మంత్రిగారు ప్రణాళికను ఒంటిచేత్తో ఎత్తి చూపించాలి.

“ఏడోది తీసెయ్,” అన్నారు డైరెక్టరుగారు. “ఆరోగ్యానికి వేరే శాఖ ఉందిగా. మనది పేదరికం.”

“అలాగేనండి. మంగళవారం ఒక్కపూట సెలవిప్పించండి. ఎక్స్‌రేకి.”

“ప్రతులన్నీ మళ్లీ కట్టాలి కదయ్యా. నీ ఎక్స్‌రే ఎక్కడికీ పోదులే.”

చెప్పేటందుకే నీతులు. బాబాయ్ దగ్గుతూ ముప్ఫైలు ముప్ఫైలుగా ఆరోగ్యాన్ని ఊడబెరికాడు.

మంగళవారం సమావేశం జరగలేదు. డైరెక్టరుగారికి జలుబు చేసింది, పెద్దడాక్టరు దగ్గరికి వెళ్లారు.

“ఆరోగ్యమే మహాభాగ్యం కదా,” అన్నాడు గుమస్తా. “నువ్వు మాత్రం సాయంత్రానికి పని ముగించు.”

గడియారంలో పదకొండున్నర. బాబాయ్‌కి కోపమొచ్చింది, పంతొమ్మిదేళ్లలో మొదటిసారి. ఊడదీసిన ఏడో అధ్యాయం ఒకటి తీసి, చిన్న రింగు వేసి, సెలవుచీటీకి బదులు డైరెక్టరుగారి బల్లమీద పెట్టి బయటపడ్డాడు. పది నిమిషాల దారి. మూడుచోట్ల కూర్చోవలసి వచ్చింది. ఎక్స్‌రే గదికి తాళం వేస్తుండగా అందుకుని, బతిమాలి ఎక్స్‌రే తీయించుకున్నాడు.

డాక్టరమ్మ దాన్ని వెలుతురుకు పెట్టి చాలాసేపు చూసింది.

“నెల ముందొస్తే మాత్రలతో పోయేది. ఇప్పుడు ఆస్పత్రిలో చేరాలి. ఆర్నెల్లు పనిమాట ఎత్తకూడదు. ఇంతకీ ఏం పని చేస్తారు?”

“పేదరికం నిర్మూలిస్తానమ్మా,” అన్నాడు బాబాయ్.

డాక్టరమ్మ నవ్వలేదు. చీటీమీద ‘కూలి’ అని రాసుకుంది.