బిందె నిండేదాకా

శుభం కోరడం మా ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో నోటితో అయ్యే పని కాదు. ఎవరైనా ముఖ్యమైన పని మీద గడప దాటితే, ఇంటి ఆడమనిషి నిండు నీళ్ల బిందెతో ఎదురు రావాలి. ‘ఆల్ ది బెస్ట్’ ఫోన్లో పంపుకోవడానికే. దాన్ని ఎవరూ నమ్మరు, పంపకపోతే మాత్రం నిష్ఠూరం.

మా పాప టీచరు ఉద్యోగం పరీక్షకు ఆదోని పోవాల్సిన పొద్దున నాకు కాలు ఒకచోట నిలవలేదు. వయసు లెక్కన ఆమెకు అదే చివరి అవకాశం. పరీక్ష సెంటర్ గేటు మూశారంటే కాళ్లు పట్టుకున్నా లోపలికి రానివ్వరు. వీధిలోకి వచ్చి చూస్తే ఎదురు రావాల్సిన నిండు బిందె లేదు. కుళాయి రాక అప్పటికే వీధంతా తాగే నీళ్లకు కటకటలాడుతోంది. మా ఇంటిది ఖాళీ బిందె చంకన పెట్టుకుని గడప గడపా తిరుగుతోంది. ఒకరు చెంబుడు, ఒకరు గ్లాసుడు పోస్తున్నారు. ఎందుకని ఎవరూ అడగడం లేదు. నాకు అదేమీ పట్టలేదు.

“బస్సు పోతాది. సగం బిందెతో వస్తే దేవుడేమన్నా కేసు పెడతాడా?” అన్నాను.

“సగం బిందె ఎదురొస్తే సగం పనే అయితాది. రవంత తాళు,” అంది, నా వైపు చూడకుండానే.

బిందె నిండింది, ఎదురొచ్చింది. బస్సు వెళ్లిపోయింది.

బండి తీశాను. దారి పొడుగునా తిట్టాను. బిందెను, కుళాయిని, రోడ్డు గుంతలను, అడ్డొచ్చిన పత్తి లారీని, ఎవరినీ వదల్లేదు. తిట్టడం ఆపితే ఏడుస్తానేమో అనిపించింది.

“నిదానంగా పో నాయనా,” అంది పాప ఒకసారి.

“నిదానంగా పోయి ఏం సేయాల? ఆడ గేటుకు దండం పెట్టి రావాల్నా?”

ఆదోని చేరేసరికి గేటు సగం మూసేశారు. పాప బండి ఆగకముందే దిగి పరుగెత్తింది. గేటు దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

“అందరూ ఆల్ ది బెస్ట్ సెప్పినారు. నువ్వే ఏం సెప్పలేదు నాయనా.”

నోరు తెరిచాను. “హాల్ టికెట్ ఉందా?” అని వచ్చింది.

తల ఊపి లోపలికి పోయింది. కాపలా మనిషి గేటు మూసి తాళం వేశాడు.

“బాగా రాయమ్మా,” అన్నాను అప్పుడు, గట్టిగానే.

“ఆయమ్మి లోపలికి పోయిందప్పా,” అన్నాడు కాపలా మనిషి.