మిలిటరీ లారీకి గోత్రం

సీతారాముల్ని మిలిటరీ లారీ ఎక్కించింది నేనే. ఐర్లండ్‌లో కార్లో అనే ఊళ్ళో మా సత్సంగంవాళ్ళు ఆ సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు. కొందరు మురిసిపోతూ, కొందరు గొణుగుతూ. గొణిగేవాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

నేను పారాయణాల మధ్య పెరిగినదాన్ని. బాపట్లలో మా నాన్నగారు భజన సమాజం నడిపేవారు. నాకు ఊహ తెలిసేసరికే ఏ కాండలో ఏది వస్తుందో నోటికి వచ్చు. పెళ్ళయ్యాక మావారి ఉద్యోగం మమ్మల్ని ఐర్లండ్ తెచ్చింది. పెద్ద పెద్ద కంప్యూటర్ కంపెనీలన్నీ ఇక్కడికే వస్తున్న రోజులవి. డబ్లిన్‌లో అద్దెలకు తట్టుకోలేక మాలాంటివాళ్ళు రైలున్న ఊళ్ళన్నిటికీ చెదిరిపోయారు. అలా కార్లోలో మేమూ, మా తరవాత ఇంకొందరూ చేరి, ఆదివారాలు చర్చివాళ్ళ హాలు అద్దెకు తీసుకుని సత్సంగం మొదలుపెట్టాం.

మా ఇల్లు ఊరి చివర వరసలో ఆఖరిది. పక్కనే ఒక ముసలాయన ఇల్లు, దాని వెనక పెద్ద రేకుల షెడ్డు. ఆయన జీవితమంతా పాల లారీ నడిపి రిటైరయ్యాడు. ఒక్కడే ఉండేవాడు. ఒక శనివారం పులిహోర ప్రసాదం ఇద్దామని వెళితే షెడ్డులోంచి కాళ్ళు మాత్రం కనిపించాయి. మనిషి లారీ కింద ఉన్నాడు.

"అంకుల్, ప్రసాదం తెచ్చాను."

"నాకు అన్నదమ్ములే లేరు, నీకు అంకుల్ ఎలా అయ్యాను?" అన్నాడు కింద నుంచే. "చేతుల నిండా గ్రీజు. దాని మీద పెట్టు."

పెట్టాను. ఆ లారీ ముందు చక్రం రేకు మీద, స్టీలు గిన్నెలో పులిహోర. ఆ రోజు తెలియదు కానీ ఆ బండికి మొదటి నైవేద్యం అదే.

అలాంటి లారీని నేనెప్పుడూ చూడలేదు. ముక్కు కోసేసినట్టున్న మొహం. ముందు అద్దం పైభాగం ముందుకి, కిందిభాగం లోపలికి వాలి ఉంటుంది. ఎండకు అద్దం తళుక్కుమంటే పైనుంచి విమానాలు కనిపెట్టేస్తాయని అలా పెట్టారట. ఇంజను సగం కేబిన్‌లోనే, డ్రైవరుకీ పక్కమనిషికీ మధ్య మూటలా కూర్చుని ఉంటుంది. ఒంటినిండా బురద పచ్చ రంగు. కెనడాలో కట్టారు. కట్టింది కార్ల కంపెనీ. అంతకుముందు పిల్లాజెల్లాతో షికారు వెళ్ళే కార్లు చేసినవాళ్ళే, రెండో ప్రపంచ యుద్ధం రాగానే అవే షెడ్లలో, అదే పనివాళ్ళతో, వేలకు వేలు ఈ లారీలు చేసి ఓడలకెక్కించారు. యుద్ధం అయిపోయాక మిగిలినవాటిని రైతులూ కలప మిల్లులవాళ్ళూ కొనుక్కున్నారు. అంకుల్ దీన్ని ఒక మూతబడ్డ కలప మిల్లులో తుప్పుకుప్పగా కొని, బోల్టు బోల్టూ వెతికి నిలబెట్టాడు.

వెనక తలుపు చెక్క మీద తెల్ల అక్షరాలతో ఒక పేరు రాసి ఉంది.

"ఎవరిదండీ?"

"మా నాన్నది."

ఆ కథ ఒక్కరోజులో చెప్పలేదు. ప్రసాదం తెచ్చినప్పుడల్లా కాస్త కాస్త చెప్పాడు. ఐర్లండ్ ఆ యుద్ధంలో చేరలేదు. ఇక్కడివాళ్ళు దాన్ని యుద్ధమని కూడా అనలేదు, ఎమర్జెన్సీ అన్నారు. వాళ్ళ నాన్న మాత్రం సరిహద్దు దాటి, బ్రిటన్ కింద ఉన్న బెల్‌ఫాస్ట్ వెళ్ళి బ్రిటిష్ సైన్యంలో చేరాడు. ఇలాంటి లారీయే ఎడారిలోనూ, తరవాత ఇటలీలోనూ నడిపాడు. తిరిగొచ్చాక ఊరు ఆయన్ని కొట్టలేదు, తిట్టలేదు. పేరు పెట్టి పిలవడం మానేసింది, అంతే. మనం ఎవరి దొరతనం వదిలించుకున్నామో వాళ్ళ బట్టలు తొడుక్కున్నవాడికి పేరేమిటని ఊళ్ళోవాళ్ళ ఉద్దేశం. చర్చిలో ఆ కుటుంబం కూర్చున్న బల్ల మీద ఇంకెవరూ కూర్చునేవాళ్ళు కాదట. ఆయన పోయిన రోజున కూడా ఊళ్ళో కొందరు "ఆ ఇంగ్లీషు సైన్యంవాడు పోయాడట" అన్నారట.

"దీన్ని వేరే ఊళ్ళకు పాత బండ్ల ప్రదర్శనలకు తీసుకెళతాను. మన పెద్ద వీధిలో మాత్రం ఎప్పుడూ నడపలేదు," అన్నాడు ఒకరోజు.

"భయమా అంకుల్?"

"భయం కాదు. నడపడానికి ఒక కారణం కావాలిగా."

కారణం నా దగ్గర దొరికింది. ఆ యేడు శ్రీరామనవమికి కల్యాణం అయ్యాక ఊరేగింపు పెద్ద వీధిలో చేసుకోవచ్చని అనుమతి వచ్చింది. అప్పటిదాకా హాల్లో కుర్చీల చుట్టూ తిప్పేవాళ్ళం స్వామిని. మా ప్రెసిడెంటు తన కొత్త ఎలక్ట్రిక్ కారు ఇస్తానన్నాడు. పైకప్పు తెరుచుకుంటుంది, అందులోంచి విగ్రహాలు కనిపిస్తాయని ఆయన లెక్క.

"స్వామివారు మెడదాకా కారులో మునిగి ఉంటారా?" అన్నాను సత్సంగంలో. "మా పక్కింటి అంకుల్ లారీ ఉంది. వెనకంతా ఖాళీ. మంటపం కట్టొచ్చు." ఏ లారీయో చెప్పాను.

ప్రెసిడెంటు కరీంనగర్‌వాడు. వయసులో నాకంటే చిన్న, అక్కా అంటాడు, మంచివాడు. కానీ వణుకు మనిషి. "అక్కా, యుద్ధం బండి మీద సీతారాముల్నా? తుపాకులు మోసిన బండి అది. మైల కాదా?"

అప్పుడు నాకు మా నాన్నగారి గొంతు వచ్చేసింది. "లంకలో ఆఖరి యుద్ధం రోజు రాముడు దేని మీద నిలబడ్డాడు తమ్ముడూ? సొంత రథమా? ఇంద్రుడు పంపిన అరువు బండి. యుద్ధం బండి. డ్రైవరు కూడా ఇంద్రుడి మనిషే. స్వామి మైల అనలేదు. దానికి ప్రదక్షిణం చేసి, దణ్ణం పెట్టి ఎక్కాడు. ఇంటికి దేని మీద వచ్చాడు? రావణుడి విమానం మీద. నువ్వు ఆయనకంటే మడిగలవాడివా?"

హాల్లో నవ్వులు. మావారు వెనక నుంచి, "మా కంపెనీలో చేసే చిప్పులు రేపు ఏ క్షిపణిలో పెడతారో నాకూ తెలియదు. మరి నన్ను కల్యాణంలో కూర్చోనిస్తారా?" అన్నారు.

లారీకి ఒప్పుకున్నారు. నేను గెలిచాననుకున్నాను.

అంకుల్ దగ్గరికి పరుగెత్తాను. సంగతి చెప్పాను. బండి తలుపు తెరిచాడు, మూశాడు.

"పెద్ద వీధిలోనా?"

"పెద్ద వీధిలోనే. ఆ చివరి నుంచి ఈ చివరికి."

"ఒక్కటే అడుగుతాను. మీ పూలూ గుడ్డలూ మీ ఇష్టం, ముంచెయ్యండి. వెనక తలుపు మాత్రం కప్పొద్దు."

మాటిచ్చాను. స్వామి సన్నిధిలో ఇచ్చినట్టే ఇచ్చాను.

ఊరేగింపు ఆదివారం ఆయన వాకిలంతా మావాళ్ళే. అరటి పిలకలు దొరక్క లారీకి కొబ్బరాకుల బొమ్మలు కాగితంతో కత్తిరించి కట్టాం. నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. పంచలోహ విగ్రహాలను మంటపంలో నిలబెట్టి, నేను కిందికి దిగి వెనక్కి వచ్చి చూస్తే, తలుపు చెక్క నిండా పట్టు బ్యానరు. జై శ్రీరామ్ అని రాసి ఉంది. నాలుగు మూలలా గట్టిగా ముడి వేసి ఉంది. పేరు కనిపించడం లేదు.

అంకుల్ చూశాడు. గొడవ చెయ్యలేదు. మెట్టు మీద కూర్చుని, "నాకు వంట్లో బాగాలేదు మిస్సిస్. మీ వాడి కారులో తీసుకెళ్ళండి," అన్నాడు. ఉదయమే గడ్డం గీసుకుని టై కట్టుకున్న మనిషి.

"ఎవరు కట్టారిది?" అన్నాను.

"నేనే అక్కా," అన్నాడు ప్రెసిడెంటు, తెలుగులో, గొంతు తగ్గించి. "ఊళ్ళె అడిగిన. ఆ పేరు మీద పాత కోపాలున్నయట. మనమిక్కడ బతకనీకి వచ్చినం, వీళ్ళ పంచాయితీల్ల తలకాయ పెట్టనీకి కాదు. మన పిల్లలు ఈడనే చదవాలె. జర తల వంచుకుని పోతే ఏం పోతది?"

"తల వంచుకుని పోయేవాళ్ళు స్వామిని వీధిలోకి తేవడం దేనికి? హాల్లోనే తిప్పుకోవచ్చుగా, కుర్చీల చుట్టూ?"

"అది వేరే, ఇది వేరే అక్కా."

"ఒకటే. ఎవరేమనుకుంటారో అని ఒక మనిషి పేరు మీద దేవుడి పేరు కప్పుతున్నావు. ఇంకొకరేమనుకుంటారో అని రేపు దేవుడి పేరు మీద ఏం కప్పుతావు?"

ఆయన జవాబు చెప్పేలోపు ముడులు విప్పడం మొదలుపెట్టాను. పట్టుగుడ్డ ముడి ఓ పట్టాన రాదు. గోళ్ళు విరిగాయి. సాయం రమ్మని ఎవరినీ పిలవలేదు. రెండో ముడి దగ్గర మావారు, మూడో దాని దగ్గర మా అమ్మాయి వచ్చి నిలబడ్డారు. బ్యానరు మడతపెట్టి స్వామి పాదాల దగ్గర పరిచాను. ఉండాల్సిన చోట ఉంది.

"అంకుల్, వంట్లో ఎలా ఉంది?"

ఆయన తలుపు వైపు చూసి లేచాడు. "గ్రాండ్," అన్నాడు.

స్వామి ఉన్న బండి కాబట్టి చెప్పులు లేకుండా ఎక్కాం నేనూ మా అమ్మాయీ. "నేనూ తియ్యాలా?" అని ఆయన బూట్లు విప్పి మేజోళ్ళతో కూర్చున్నాడు. మా అమ్మాయి మేజోడు చిరుగులోంచి బయటికొచ్చిన ఆయన కాలివేలు చూసి, ఈ ఊరి యాసలో, "యువర్ టో ఈజ్ ఔట్!" అంది. "ఇట్ వాంట్స్ టు సీ ద పరేడ్," అన్నాడాయన. ఇంజను మా మధ్య ఉరిమింది. నిమ్మకాయలు చితికిన వాసన కేబిన్‌లోకి వచ్చింది.

పెద్ద వీధిలోకి తిరిగాం. ముందు భజన, పక్కన ట్రాఫిక్ చూసే ఇద్దరు గార్డాలు, అంటే ఇక్కడి పోలీసులు. ఫోన్లు పైకెత్తి ఫొటోలు తీసేవాళ్ళు తీస్తున్నారు. లారీ దాటిపోయాక కొన్ని ఫోన్లు కిందికి దిగడం అద్దంలో చూశాను. వెనక తలుపు చదివారన్నమాట. ఆయన అద్దం చూడటం లేదు. తిన్నగా ముందుకే చూస్తున్నాడు.

వీధి మధ్యలో హారతికి ఆగాం. అక్కడ హారతి ఇచ్చేవాళ్ళ గోత్రనామాలు మైకులో చదవాలి. మా పంతులుగారు వారమంతా లిమరిక్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసి, సెలవు రోజుల్లో పురోహితం చేసే కుర్రవాడు. "ఎవరి పేరు మీదండీ?" అన్నాడు. ప్రెసిడెంటు పంచె సర్దుకుంటూ ముందుకొచ్చాడు.

నేను కేబిన్‌లోంచి దూకాను. "బండి ఎవరిదో వాళ్ళ పేరు మీద."

పంతులు కిటికీ దగ్గరికొచ్చి అడిగాడు. అంకుల్ ఒక పేరు చెప్పాడు.

"ఇది వెనక రాసున్న పేరు కదండీ. ఆయన ఉన్నారా?"

"లేరు," అన్నాను.

"అక్కా, సంకల్పం బతికున్నవాళ్ళకి..."

"కొడుకు బతికే ఉన్నాడుగా, ఎదురుగా. ఫలానావారి కుమారుడు అని చదువు నాయనా. తండ్రి పేరు ముందు, గట్టిగా. తప్పయితే ఆ తప్పు నా నెత్తిన."

"గోత్రం?"

"తెలియనివాళ్ళకి కాశ్యపమేగా."

అంకుల్ కిటికీలోంచి, "ఏమిటి గొడవ?" అన్నాడు.

"మీ వంశానికి మూలపురుషుడెవరని అడుగుతున్నాడు. కశ్యపుడని ఒక ఋషి. తెలియనివాళ్ళందరూ ఆయన పిల్లలే."

"కార్లోవాడేనా?"

"ఈ రోజు నుంచి."

పంతులు చదివాడు. కాశ్యప గోత్రోద్భవస్య అని ఎత్తుకుని, ఆ పేరు. రెండు స్పీకర్లలో, పెద్ద వీధి ఆ చివరికీ ఈ చివరికీ. ఇక్కడ నేను ఎవరి పేర్లూ రాయను, అది నా పద్ధతి. ఆ రోజు మాత్రం ఆ ఊరంతా విన్నది.

పబ్బు ముందు గ్లాసు పట్టుకుని నిలబడ్డ ఒక పెద్దమనిషి, తెలిసీ తెలియనట్టు, "ఏమయ్యా, మైకులో ఎవరి పేరది?" అని అరిచాడు. పక్కవాళ్ళు నవ్వారు.

అంకుల్ తల బయటికి పెట్టాడు. "మా నాన్నది. సరిగ్గా వినపడకపోతే మళ్ళీ చదవమంటాను."

ఆయన నా వైపు చూశాడు. నేను పంతులు వైపు చూశాను. పంతులు మళ్ళీ చదివాడు, ఈసారి ఇంకాస్త రాగం తీసి. హారతి పళ్ళెం నేను ప్రెసిడెంటు చేతిలోనే పెట్టాను. ఆయన ఒక క్షణం ఆగాడు, తరవాత కళ్ళు మూసుకుని ఇచ్చాడు. ఆయన కూడా భక్తుడే. ఆ మాట నేను కాదనను.

పబ్బు ముందు పెద్దమనిషి లోపలికి వెళ్ళిపోయాడు. వెళితే వెళ్ళనీ. ఊరంతా మారిపోయిందని రాస్తే అబద్ధం. ఆ తరవాత నెలంతా దుకాణంలో నాకు ముఖం తిప్పుకున్నవాళ్ళు ఉన్నారు. మా సత్సంగంలోనూ ఇద్దరు మానేశారు. నేను ఆదివారం మానలేదు. పారాయణం మానలేదు. వాళ్ళ కోసం ఖాళీ కుర్చీలు వేస్తూనే ఉన్నాను.

ఊరేగింపు అయ్యాక లారీని షెడ్డులోకి తోస్తాడేమోనని చూశాను. ఎప్పుడూ మొహం బయటికి ఉండేలా వెనక్కి పెట్టేవాడు, తలుపు గోడవైపు ఉండేలా. ఆ సాయంత్రం షెడ్డులో పెట్టనే లేదు. వాకిట్లోనే ఆపాడు. మొహం ఇంటివైపు, వెనక తలుపు రోడ్డువైపు. బూట్లు చేత్తో పట్టుకుని దిగాడు. "పూలు తీసెయ్యనా?" అన్నాను నేను.

"ఉండనీ," అన్నాడు.

వానలకు దండలు నల్లబడి రాలిపోయాయి. కాగితం కొబ్బరాకులు ముద్దయిపోయాయి. లారీ అక్కడే ఉంది. ఊళ్ళోకి వెళ్ళే ప్రతి బండీ ఆ పేరు చదువుకుంటూనే వెళ్ళాలి.