వెనకక్క వేషం

ఆ నాటక సమాజంలో ఆమెను అందరూ వెనకక్క అనేవారు. సొంత పేరు ఒకటి ఉందన్న సంగతి బహుశా సగంమందికి తెలియదు. తెర పక్కన, చూడ్డానికొచ్చినవాళ్లకు కనపడని మూలలో, ఒక కాలు పొట్టిదైన కుర్చీలో కూచుని, నటులు మాట మరిచిపోతే మెల్లగా అందించడం ఆమె పని. ఏళ్ల తరబడి అందించీ అందించీ ఆమె మామూలు మాట కూడా గుసగుసలాగే అయిపోయింది. బస్సు కండక్టరు దగ్గర్నుంచి కూరగాయల కొట్టతని దాకా ప్రతివాడూ “ఏంటమ్మా?” అని రెండోసారి అడగాల్సిందే.

పగటిపూట ఒక పెద్ద బట్టల దుకాణంలో కుట్టుపని చేసేది. ముందు గదిలో అద్దాలు, లైట్లు. వెనక గదిలో ఆమె, కుట్టుమిషను. కొన్నవాళ్లకు ప్యాంటు పొడుగైతే కత్తిరించి మడత కుట్టాలి, చొక్కా బిగుతైతే వదులు చెయ్యాలి. అక్కడా వెనకే, ఇక్కడా వెనకేనని తన మీద తనే జోకు వేసుకుని నవ్వేది. ఈ ఏడాది మాత్రం ఆ నవ్వు మానేసింది. ఎందుకు మానదు చెప్పండి? మనిషన్నాక ఓపికకు ఒక హద్దుంటుంది కదా.

చలికాలం వచ్చిందంటే ఆ మహానగరంలో నాటకాల సీజను. పెద్ద కంపెనీలకు పెద్ద థియేటర్లున్నాయి. ఇలాంటి బుల్లి సమాజాలకు దొరికేవి స్కూలు కింద గదులు, ఖాళీ గోడౌన్లు. వీళ్లకు దొరికింది టైర్ల షాపు మీద హాలు. హీరోయిన్ కన్నీళ్లు పెట్టుకునే సమయానికే కింద గాలిమిషను బుర్రుమంటుంది. సాయంత్రం అదే హాల్లో డాన్సు క్లాసు కాబట్టి నాటకం మధ్యాహ్నమే వేసి, చప్పట్లు ఆగకముందే సామాను సర్దుకుని దిగిపోవాలి. అయినా సరే, ఈ సీజనులో నాలుగు నాటకాలు వేస్తామని డైరెక్టరు ప్రకటించేశాడు. ప్రింటింగ్ ప్రెస్సులో మేనేజరు కాబట్టి పోస్టర్లు మాత్రం బ్రహ్మాండంగా వేయించేవాడు.

ఆ ప్రకటన రోజునే వెనకక్క ఆయన్ని పక్కకు పిలిచి, ఈసారి నాకూ ఒక వేషం కావాలని అడిగింది. అడగడానికి ఆమెకు ఇన్నేళ్లు పట్టింది. డైరెక్టరు వెంటనే ఒప్పుకున్నాడు. ఒప్పుకోవడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. నిలబెట్టుకోవడం దగ్గరే చిక్కంతా.

మొదటి నాటకంలో ఇంటి ఓనరమ్మ వేషం నీదేనన్నాడు. వారం తిరక్కుండా అది బ్యాంకులో పనిచేసే అమ్మాయికిచ్చేశాడు. ఆ పిల్ల వేషం ఇవ్వకపోతే వేరే సమాజానికి పోతానందట. రెండో నాటకానికి, అక్కయ్యా, నువ్వు స్టేజీ ఎక్కితే నీ కుర్చీలో ఎవరు కూచుంటారు, మన హీరో సంగతి నీకు తెలియంది కాదు కదా అన్నాడు. అది నిజమే. ఆ హీరో ఒక మొబైల్ ఫోన్ల షాపు యజమాని. మనిషి అందగాడు, గొంతు ఖంగుమంటుంది. బుర్రలో మాత్రం ఒక్క వాక్యం నిలవదు. మరిచిపోయినప్పుడల్లా బొటనవేలితో చూపుడువేలు రుద్దుకుంటాడు. వేలు కదలడమే ఆలస్యం, మూలలోంచి వెనకక్క మాట అందిస్తుంది. చూసినవాళ్లకు మాత్రం ఆయన తన్మయత్వంలో ఆగినట్టుంటుంది. “ఎంత బాగా ఆగుతాడండీ!” అని ఒక పత్రికాయన మెచ్చుకున్నాడు కూడా. అది విని వెనకక్కకు ఒళ్లు మండిపోయింది.

మూడో నాటకంలో ఆడవేషమే లేదు. ఇంటికొచ్చి గిన్నెలు దడదడలాడిస్తుంటే భర్త తలుపు దగ్గర నిలబడి, పోనీ మానెయ్యరాదా అన్నాడు. లిఫ్టులు బాగుచేసే మనిషి. ఇల్లు చేరేసరికి పనిముట్ల సంచులతో రెండు చేతులూ నిండి ఉంటాయి కాబట్టి తాళంచెవి జోలికి పోడు, కాలితో తలుపు తడతాడు, ఆమె తీస్తుంది. మాటలు తక్కువ. ఇన్నేళ్లలో ఒక్క నాటకానికీ రాలేదు. నువ్వెక్కడా కనపడవుగా, వచ్చి ఎవర్ని చూడాలని ఆయన వాదన.

నాలుగో నాటకంలో ముసలి అక్క వేషం మళ్లీ బ్యాంకు అమ్మాయికే వెళ్లింది. ఆ పిల్ల జుట్టుకు తెల్లరంగు పూసుకోనని భీష్మించింది. వెనకక్కకు పూసుకునే పని లేదు, దేవుడే పూశాడు. అలా, ఇంకెవరూ దొరక్క, వేషం ఆమె ఒళ్లో పడింది.

వేషం పెద్దదేం కాదు. చాలాకాలానికి తమ్ముడు, అంటే మన హీరో, ఇంటికొస్తాడు. అక్క ఆదరిస్తుంది, మంచం వేస్తుంది, వెళ్లేటప్పుడు జాగ్రత్తలు చెబుతుంది. నాటకమంతా ఆమెవి ముక్తసరి మాటలే. చివర్లో మాత్రం తమ్ముడు, “నువ్వెందుకక్కా ఈ ఇల్లు దాటి ఎక్కడికీ పోలేదు?” అని అడుగుతాడు. అప్పుడు ఆమెకు ఒక నిండు మాట ఉంది. దానికోసమే వెనకక్క ప్రాణం పెట్టింది. వంటింట్లో, స్నానాల గదిలో, మిషను తొక్కుతూ అదే మాట.

“ఈ ఇంటి తలుపు ఎప్పుడూ నేనే తీశానురా. అర్ధరాత్రి నువ్వొచ్చినా, నాన్నొచ్చినా నేనే. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, నేను బయట నిలబడి తలుపు కొట్టాలని ఉండేది. లోపల్నుంచి ఎవరో ఒకరు ‘ఎవరూ’ అని అడగాలని ఉండేది. నేనే అని చెప్పాలని ఉండేది. అంతేరా, ఇంకేం లేదు.”

రిహార్సల్లో ఇంకో తంటా వచ్చిపడింది. స్టేజీ మీద ఎవరు మాట్లాడినా ఆమె పెదాలు కూడా వాళ్లతోపాటు కదిలేవి. పాత అలవాటు, ఊరుకుంటుందా? డైరెక్టరు తల పట్టుకున్నాడు. చివరికి ఆమే దుకాణం నుంచి ఒక కోటు గుండీ తెచ్చి, అవతలివాళ్ల మాటలప్పుడు పెదాల మధ్య పెట్టుకుని, తన మాట రాగానే చేతిలోకి ఉమ్ముకుని, అలా నెలరోజులు సాధన చేసి పెదాలను దారికి తెచ్చింది. ఇంక ఏ అడ్డూ లేదనుకుంది పిచ్చిది.

భర్తను ఈసారి వదల్లేదు. కనపడనన్నారుగా, ఇప్పుడు కనపడతాను, రండి అంది. ఆదివారం ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని మూడో వరసలో, ఎక్కడో లిఫ్టు ఆగిపోయినట్టు గంభీరంగా కూచున్నాడు. తెర సందులోంచి చూసి ఆమె కొంగు సవరించుకుంది. తీరా ఆ రోజే లైట్లు చూసే మనిషి రాలేదు. ఆమె బదులు మాట అందిస్తానన్న డైరెక్టరే వెళ్లి లైట్ల దగ్గర నిలబడ్డాడు. అందించే కుర్చీ ఖాళీ. ఆ కుర్చీని అలా ఖాళీగా చూడ్డం ఆమెకదే మొదటిసారి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. అందించేవాళ్లకు ఒక నియమముంది. నటుడు మధ్యలో నాలుగు మాటలు మింగేసి ముందుకు దూకాడనుకోండి, అందించేవాళ్లు కూడా ఆలోచించకుండా వెంటనే అక్కడికి దూకాలి. వెనక్కి లాగకూడదు. లాగితే వాడికి ముందూ తెలియదు, వెనకా తెలియదు, నాటకం నడివీధిలో నిలబడిపోతుంది. కొత్తగా వచ్చిన ప్రతివాళ్లకూ వెనకక్క ఇదే నూరిపోసేది. ఆమె ఒంట్లో రక్తంతోపాటు తిరిగే నియమం అది.

నాటకం బాగానే నడిచింది. ఆ రోజు కింద గాలిమిషను కూడా మర్యాదగా ఊరుకుంది. చివరి ఘట్టం వచ్చింది. తమ్ముడు పెట్టె పట్టుకుని గుమ్మం దగ్గర ఆగాడు. అక్క ఎదురుగా నిలబడింది. అడుగుతాడు, ఇప్పుడడుగుతాడు. అప్పుడు ఆయన బొటనవేలు చూపుడువేలిని రుద్దడం మొదలుపెట్టింది.

వాక్యం ఆమె నాలుక చివరే ఉంది. నువ్వెందుకక్కా, అన్న రెండు ముక్కలు చాలు. కానీ ముఖం మీద లైటుంది, ఎదురుగా హాలంతా ఉంది, పెదాలు కదపకూడదని నెలరోజులు గుండీ కొరికింది. కదపలేదు. అంతలో హీరోకు ఏదో దొరికింది. దొరికిందే చాలనుకున్నాడు మహానుభావుడు. తలెత్తి, ఖంగుమనే గొంతుతో, “సరే అక్కా, బండికి టైమయింది. వెళ్లొస్తాను” అన్నాడు.

అది ఆమె నిండు మాట తర్వాత రావలసిన వాక్యం.

వేరే నటి ఎవరైనా ఏం చేసేది? ఆగరా అని చెయ్యి పట్టుకుని, తన మాట తను చెప్పుకునేది. నా మాట నాకు చెప్పుకోనివ్వకుండా ఎక్కడికి పోతావని మొండికేసేది. వెనకక్క నోట్లోంచి మాత్రం, రెప్పపాటు కూడా ఆగకుండా, “జాగ్రత్తరా, చేరాక కబురు చెయ్యి” అని వచ్చేసింది. ఆయన దూకాడు, ఆమె దూకింది. వాక్యం బయటపడ్డాక గానీ తనేం చేసిందో ఆమెకే తెలియలేదు. అప్పటికి లైటు తగ్గిపోయింది.

చప్పట్లు బాగానే పడ్డాయి. తెర వెనక హీరో వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు.

“అక్కయ్యా, బతికించావు. ఎక్కడో తప్పాననుకో, నువ్వు ఠక్కున అందుకున్నావు. ఎవరికీ తెలియలేదు తెలుసా?”

“నా మాట మింగేశావురా,” అంది వెనకక్క.

“ఏ మాట?”

ఆమె డైరెక్టరు వైపు చూసింది. ఆయన వైర్లు చుట్టుకుంటూ, ఎక్కడా తడబాటు లేదు, నాటకం నున్నగా వెళ్లిపోయిందని మురిసిపోతున్నాడు. ఏ మాటో ఆయనకూ గుర్తు లేదు. పైగా, వచ్చే సీజనులో మళ్లీ ఆ కుర్చీలో నువ్వే ఉండాలి, ఇవాళ ఆ కుర్చీ ఖాళీగా ఉంటే నాకు ప్రాణం పోయినంత పనైందనుకో అన్నాడు. నాలుగు నెలలు ఎదురుచూసి, నెలరోజులు గుండీ కొరికి, ఆ మాట చెప్పుకునే ఒక్క అవకాశాన్ని తన చేతులతో తనే పారబోసుకుంది. కోపం ఎవరి మీద చూపించాలి? హీరో మీద చూపిద్దామంటే వాడికి తెలిసి చేసింది కాదు. తన మీద చూపించుకుందామంటే అది అందించేవాళ్ల ధర్మం. ఈలోగా డాన్సు క్లాసు పిల్లలు మెట్ల మీద గోల చేస్తున్నారు. మంచం విప్పాలి, దుప్పట్లు మడతపెట్టాలి. మడతపెట్టింది.

బస్టాపులో ఎండ ఇంకా ఉంది. దుప్పట్ల సంచులు చెరొకటి పట్టుకుని నిలబడ్డారు. భర్త అడిగాడు.

“ఆ తలుపు మాట రాలేదేం?”

ఆమె తిరిగి చూసింది. నెలరోజులు వంటింట్లో చెబితే గోడలు విన్నాయనుకుంది. ఈయన విన్నాడని అనుకోలేదు.

“వాడు ఆగినప్పుడే అనుకున్నాను, ఏదో తేడా వచ్చిందని,” అన్నాడు ఆయన. “నాకు నోటిదాకా వచ్చింది.”

“మరి అందించొచ్చుగా?”

“హాల్లో అంతమంది ఉన్నారు.”

“ఉంటే? అందించాల్సిందండీ,” అంది ఆమె. ఎప్పుడూ లేనిది గొంతు పెద్దదైంది. పక్కన నిలబడినవాళ్లు తిరిగి చూశారు. “ఊరందరికీ అందించాను. నాకొక్కరు అందించలేదు. నోటిదాకా వచ్చిన మాట మింగేసి మూడో వరసలో బొమ్మలా కూచున్నారు. అందించాల్సింది.”

బస్సొచ్చింది, ఎక్కారు. దిగాక ఆయన తన సంచి కూడా ఆమె చేతికిచ్చి, తాళంచెవి తీసుకుని, గబగబా మెట్లెక్కి వెళ్లిపోయాడు. చూశారా ఆ పెద్దమనిషి చేసిన పని! ఆడమనిషి చేత మోయించి తను చేతులూపుకుంటూ ముందు పోవడం. ఆమె తిట్టుకుంటూ, ప్రతి మెట్టుకూ ఆయాసపడుతూ మూడంతస్తులూ ఎక్కింది. తీరా చూస్తే తలుపు వేసి ఉంది. లోపల గడియ కూడా పెట్టాడు.

మండిపోయింది. రెండు చేతులూ ఖాళీ లేక మోచేత్తో దబదబా బాదింది.

లోపల్నుంచి, తలుపుకు బాగా దగ్గరగా, తగ్గించిన గొంతుతో “ఎవరూ?” అని వినపడింది.

ఎవరేంటి, కళ్లు కనపడవా అనబోయి ఆగింది. సంచులు కింద పెట్టింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. స్టేజీ మీద నిలబడినట్టే నిటారుగా నిలబడి, “ఈ ఇంటి తలుపు ఎప్పుడూ నేనే తీశానురా,” అని మొదలుపెట్టింది. “అర్ధరాత్రి నువ్వొచ్చినా, నాన్నొచ్చినా నేనే. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి...”

గడియ తీసిన చప్పుడైంది. ఆయన తలుపు తీసి, తెల్లబోయి చూస్తున్నాడు.

“ఇంకా అవలేదు,” అంది ఆమె, కళ్లనీళ్లు తుడుచుకోకుండానే. “తలుపు వెయ్యండి.”